వీఈజీఎఫ్ 860: ఒక మోకాలి కేసు

నేను ఉత్తర చెన్నైలో ఎముకల డాక్టరుని. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళు, కొరుక్కుపేట, తండయార్‌పేటల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు కలిసి నా ఓపీలో సగం దాకా ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళు పట్టుకునే వస్తారు. రోజూ చూసే జబ్బు గురించి కేసు రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇది రాయడానికి కారణం ఆ మోకాలితో పాటు వచ్చిన ఒక రక్త పరీక్ష కాయితం. పేషెంటు, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

జూన్, మొదటి రోజు

ఆమె వయసు 58. సూళ్ళూరుపేట దగ్గర పల్లెలో ఇరవై ఏళ్ళు టిఫిన్ అంగడి నడిపింది. భర్త పోయాక రెండేళ్ళ కిందట కొరుక్కుపేటలో కొడుకు దగ్గరికి వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుడి మోకాలు ఏడాదిన్నరగా నొప్పి.

ఏమిటమ్మా బాధ అని అడిగితే ఆమె చెప్పిన మాట కేసు షీటులో అలాగే రాసుకున్నాను: "ఎక్కేటప్పుడు ఆయాసం సార్, దిగేటప్పుడు నొప్పి." జబ్బు మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. నేను మాత్రం ఎముకల డాక్టరుని కాబట్టి ఆ రోజు రెండో సగమే విన్నాను.

పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటుంది, పది నిమిషాలు తిరిగితే వదులుతుంది. జ్వరాలు లేవు, చేతివేళ్ళ వాపుల్లేవు, దెబ్బ తగల్లేదు. 45 ఏళ్ళు దాటిన మనిషికి పనిచేస్తే నొప్పి, పొద్దుటి బిగువు అరగంటకు మించకపోవడం, ఈ రెండూ ఉంటే ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ళ అరుగుదల, అనుకోవడానికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదని బ్రిటన్ వాళ్ళ నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర ఎక్స్‌రే తీయకుండా పంపిస్తే డాక్టరు సరిగ్గా చూడలేదంటారు, అది వేరే సంగతి.

ఆమెకు ఎక్స్‌రే అప్పటికే ఉంది. దానితోపాటు "గ్రోత్ ఫ్యాక్టర్ ప్రొఫైల్" అని అచ్చువేసిన రిపోర్టు కూడా ఉంది. గ్రోత్ ఫ్యాక్టర్లంటే కణాలను పెరగమని, మరమ్మతు చేయమని చెప్పే ప్రోటీన్లు. అంతకుముందు చూపించుకున్న చోట చేయించారట. అందులో మూడు అంకెలు: వీఈజీఎఫ్ మిల్లీలీటరుకు 860 పికోగ్రాములు, పైకి ఎర్ర బాణం. టీజీఎఫ్-బీటా 58 నానోగ్రాములు, అదీ పైకే. ఐజీఎఫ్-1 మాత్రం 68 నానోగ్రాములు, కిందికి బాణం. అడుగున ఒక్క ముక్క: "కీలు దెబ్బతిన్న తీవ్రత: అధికం."

"గుజ్జు ఎనభై శాతం అరిగిపోయిందన్నారు సార్," అన్నాడు కొడుకు. మూడు గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారట, అర లక్ష పైమాటే. అప్పు తెచ్చే ముందు మన తెలుగు డాక్టరుని ఒకసారి అడుగుదామని వచ్చారు. ఆ ఎనభై శాతం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎక్స్‌రే నుంచి గానీ, రక్తం నుంచి గానీ గుజ్జును శాతాల్లో లెక్కగట్టే పద్ధతి లేదు.

పరీక్ష

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. బీపీ 150/90, ఇంతకుముందు బీపీ లేదట. కుడి మోకాలు పూర్తిగా చాపగలదు, 120 డిగ్రీల దాకా ముడవగలదు. కరకరమని చప్పుడు ఉంది, నీరు చేరలేదు. కుడి తొడ కండరం ఎడమదాని కంటే చూడగానే సన్నగా ఉంది. తుంటి కీలు బాగానే తిరుగుతోంది. మోకాలి నొప్పి అన్న ప్రతివాళ్ళకీ తుంటిని తిప్పి చూడాలి. తుంటి జబ్బు మోకాలిలో నొప్పిగా కనపడటం మా వృత్తిలో పాత మోసం.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాను. కీలు సందు మీద వేలు పెట్టలేదు. దానికి మూడు వేళ్ళు కింద, కాలి లోపలి వైపు పెట్టింది. అక్కడ నొక్కితే కుర్చీలో నుంచి లేచినంత పని చేసింది. తొడ నుంచి దిగే మూడు స్నాయువులు ఎముకకు అతుక్కునే చోటు అది. చూడటానికి పెద్దబాతు పాదంలా ఉంటుందని లాటిన్‌లో పెస్ యాన్సరైనస్ అంటారు. మోకాలు కొంచెం అరిగి, తొడ కండరం బలం తగ్గి, ఒళ్ళున్న ఆడవాళ్ళకు అక్కడ వాపు రావడం చాలా మామూలు. మెట్లు ఎక్కి దిగే పనితో అది రేగుతుంది. గుజ్జుతో దానికి సంబంధం లేదు.

మోకాలి బాధను అంకెల్లో కొలిచే వోమాక్ ప్రశ్నావళి తెలుగులో చదివి నింపాను. అంకె ఎంత పెద్దదైతే బాధ అంత ఎక్కువ. నొప్పికి 20కి 13, బిగువుకి 8కి 3, పనులు చేసుకోవడానికి 68కి 42. మొత్తం 96కి 58, మామూలుగా చూస్తే తీవ్రమైన కేసే.

వాళ్ళు తెచ్చిన ఎక్స్‌రే పడుకోబెట్టి తీసింది. పడుకుంటే కీలు మీద బరువు పడదు, సందు ఎంత తగ్గిందో తెలియదు. నిలబెట్టి మళ్ళీ తీయించాను. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో పెట్టిన 0 నుంచి 4 దాకా గ్రేడ్లనే మేము ఇంకా వాడుతున్నాం. అందులో ఆమెది గ్రేడ్ 2. అంచున చిన్న ఎముక ముల్లు, సందు తగ్గిందా లేదా అన్నట్టుగా ఉంది.

తోడుగా ఆమె తోటికోడలు వచ్చింది, వయసులో నాలుగేళ్ళు పెద్ద. పొద్దున సూళ్ళూరుపేట లోకల్‌లో వచ్చి, మా క్లినిక్ మెట్లు తానే ముందు ఎక్కింది. నడక చూస్తేనే దొడ్డికాళ్ళు. "ఎట్టాగూ వచ్చాం కదా, నాక్కూడా ఒక పొటో తీపీయండి," అంది. తీయిస్తే రెండు మోకాళ్ళూ గ్రేడ్ 4. లోపలి వైపు సందే లేదు, ఎముక ఎముకని తాకుతోంది. నొప్పి లేదామ్మా అంటే, "ఉంటాది సార్, పనిలో పడితే మర్చిపోతా," అంది. రెండు ఫిల్ములూ పక్కపక్కన లైటుకి పెట్టి కాసేపు చూశాను. గ్రేడ్ 2 ఏడుస్తోంది, గ్రేడ్ 4 పొలం పని చేసుకుంటోంది. ఇలాంటి జంటలు మాకు కొత్త కాదు. ఒకే ఇంటి నుంచి ఒకే రోజు రావడమే కొత్త.

ఆయాసం సంగతి

వాళ్ళు లేచి వెళ్ళబోతుంటే ఆమె గోళ్ళు కనపడ్డాయి. తెల్లగా, పలచగా ఉన్నాయి. కింది కనురెప్ప లాగి చూశాను, అదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, ఎక్కేటప్పుడు ఆయాసం అని మొదట చెప్పిన మాట. మళ్ళీ కూర్చోబెట్టి మందుల గురించి అడిగాను.

నొప్పి బిళ్ళలు. వీధి చివరి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ పేరు చెప్పి తెచ్చుకుంటోంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఒక్కోసారి మధ్యాహ్నం కూడా. పధ్నాలుగు నెలలుగా. కడుపులో మంట లేదా అంటే లేదంది. మలం నల్లగా పోతుందా అని అడిగితే సిగ్గుపడి, "అప్పుడప్పుడు పోతాది, తిండి వేడేమో అనుకున్నా," అంది.

ఆ సాయంత్రమే రక్తం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 8.4. ఎర్రకణాలు చిన్నవిగా, వాటి సగటు సైజు చెప్పే ఎంసీవీ 68. ఫెర్రిటిన్ 6, అంటే ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది. ప్లేట్‌లెట్లు 5 లక్షల 60 వేలు. మామూలుగా నాలుగున్నర లక్షలు దాటవు. సీఆర్‌పీ, క్రియాటినిన్, అంటే ఒంట్లో వాపునీ కిడ్నీలనీ చూసే పరీక్షలు, బాగానే ఉన్నాయి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. ఏడాదిన్నరలో నాలుగు చోట్ల చూపించుకున్నారు. వేలు పోసి గ్రోత్ ఫ్యాక్టర్లు కొలిపించారు. రెండు మూడు వందలయ్యే రక్తకణాల లెక్క ఒక్కరూ చేయించలేదు. ఆ బిళ్ళల వల్ల బీపీ పెరిగి ఉండొచ్చని కూడా ఎవరికీ తోచలేదు.

58 ఏళ్ళ మనిషికి, ముట్లు ఆగి ఏళ్ళయిన మనిషికి ఇనుము ఇంతగా తగ్గిందంటే, రక్తం ఎక్కడో కారుతోందనే లెక్క. బిళ్ళల మీద తోసేసి ఊరుకోకూడదు, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. పొట్ట డాక్టరు దగ్గరికి పంపితే ఎండోస్కోపీలో జఠరం చివరి భాగంలో పుళ్ళు, ఒక చిన్న అల్సర్ కనపడ్డాయి. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు, కడుపులో పుళ్ళు పుట్టించే హెచ్. పైలోరి క్రిమి ఉంది. పెద్దపేగు స్కోపు మామూలుగా ఉంది. ఈ బిళ్ళల పుళ్ళు చాలామందిలో నొప్పి లేకుండానే రక్తం కారుస్తాయి. నొప్పి తగ్గించే మందే కదా, పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది.

ఆ 860 ఎక్కడిది?

ఇప్పుడు ఆ కాయితం దగ్గరికి వద్దాం. రిపోర్టు తప్పని నేను అనను. మిషను కొలిచింది కొలిచినట్టే రాసి ఉంటుంది. అది కొలిచింది ఆమె మోకాలిని కాదు, అంతే.

వీఈజీఎఫ్ అంటే కొత్త రక్తనాళాలు మొలిపించే ప్రోటీన్. మోకాలి జబ్బులో దాన్ని వెతకడానికి మంచి కారణమే ఉంది. ఆరోగ్యమైన గుజ్జులో రక్తనాళాలుండవు, నరాలూ ఉండవు. అరుగుదల ముదిరేకొద్దీ కింది ఎముకలో నుంచి రక్తనాళాలు గుజ్జులోకి చొచ్చుకొస్తాయి. వాటి వెంట నొప్పి నరాలూ వస్తాయి. కీలు లోపలి పొర వాచినప్పుడు కూడా అక్కడ నాళాలు పెరుగుతాయి. వీటన్నిటి వెనకా వీఈజీఎఫ్ ఉంటుంది. కీలు నీటిలో దాన్ని కొలిచి, ఎక్స్‌రే గ్రేడు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోందని చెప్పిన అధ్యయనాలు చాలా దేశాల నుంచి వచ్చాయి. అవి అబద్ధాలు కావు. వంద మంది గ్రేడ్ 2 వాళ్ళ సగటునీ వంద మంది గ్రేడ్ 4 వాళ్ళ సగటునీ పక్కన పెడితే తేడా కనపడుతుంది. కానీ రెండు గుంపుల అంకెలూ ఒకదానిలోకి ఒకటి బాగా చొచ్చుకుపోయి ఉంటాయి. ఒక మనిషి అంకె చూసి ఆమె ఏ గుంపు మనిషో చెప్పలేం.

రక్తంలో కొలిస్తే చిక్కు ఇంకా పెద్దది. రక్తంలోని వీఈజీఎఫ్‌లో చాలా భాగం ప్లేట్‌లెట్ల లోపల సంచుల్లో దాగి ఉంటుంది. టీజీఎఫ్-బీటా కూడా అంతే. దెబ్బ తగిలిన చోట గాయం మాన్పడానికి ప్లేట్‌లెట్లు మోసుకు తిరిగే సద్దిమూట అది. గడ్డకట్టేటప్పుడు మూట విప్పుతాయి. సీరం, అంటే గడ్డ పక్కన మిగిలే నీరు, తీయాలంటే పసుపు మూత గొట్టంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వాలి. అంటే మూట మనమే గొట్టంలో విప్పించి, అందులోది కొలిచి, ఒంట్లో ఇంత తిరుగుతోందని రాస్తున్నామన్న మాట. గడ్డ కట్టనివ్వని ఊదా మూత గొట్టంలో ప్లాస్మా తీసి కొలిస్తే అంకె అందులో చిన్న వంతే వస్తుంది.

ఇనుము తగ్గితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. ప్లేట్‌లెట్లు పెరిగితే గొట్టంలో విప్పే మూటలు పెరుగుతాయి. రక్తహీనతలో ఒంటికి ఆక్సిజన్ చాలక వీఈజీఎఫ్ తయారీ కూడా కొంత పెరుగుతుంది. మానుతున్న అల్సర్ కూడా తన వంతు వేస్తుంది.

మా స్నేహితుడు ఒక పరిశోధన ల్యాబులో ఇలైజా, అంటే ప్రోటీన్లు కొలిచే పరీక్ష, చేస్తుంటాడు, వేరే పని కోసం కిట్ తెరిచి ఉంది. ఇనుము మొదలుపెట్టకముందే, ఆమె ఒప్పుకోలుతో, ఒకే సూది పోటుకు రెండు గొట్టాలు తీశాం. ఆమె దగ్గర పైసా తీసుకోలేదు. ప్లాస్మా గొట్టాన్ని వెంటనే చల్లబరిచి, ప్లేట్‌లెట్లు మిగలకుండా రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ మిషనులో తిప్పించాం. సీరంలో వీఈజీఎఫ్ 820, ప్లాస్మాలో 64. అదే మనిషి, అదే చెయ్యి, అదే నిమిషం.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పుకోవాలి. పీజీలో నా థీసిస్ ఇదే అంశం మీద: మోకాళ్ళ అరుగుదల తీవ్రతకు సీరం వీఈజీఎఫ్ సూచిక అవుతుందా అని. వార్డులో పొద్దున తీసిన గొట్టాలు కొన్ని గంటలోపే ల్యాబుకి చేరేవి, కొన్ని అటెండరు భోజనం చేసి వచ్చేదాకా బల్ల మీదే ఉండేవి. ఫ్రీజర్‌కి కరెంటు పోయి కొన్ని కరిగి మళ్ళీ గడ్డకట్టాయి. ఏవి ఎంతసేపు ఉన్నాయో ఎక్కడా రాసుకోలేదు. ప్లేట్‌లెట్ల లెక్క అసలు తీసుకోలేదు. గ్రేడ్ 4 వాళ్ళు ఎక్కువగా ఆపరేషన్ కోసం వచ్చినవాళ్ళు, ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు మింగినవాళ్ళు. గ్రాఫు మాత్రం ముచ్చటగా వచ్చింది, గీత ఏటవాలుగా పైకి. గైడు మెచ్చుకున్నారు, నేను కాన్ఫరెన్సులో పోస్టరు పెట్టాను. నేను కొలిచింది మోకాళ్ళనా, కడుపులనా అన్న ప్రశ్న ఈమె గోళ్ళు చూసిన రోజు దాకా నాకు రాలేదు.

మిగతా రెండు బాణాలు

టీజీఎఫ్-బీటా మంచిదా చెడ్డదా అంటే సమాధానం చెప్పడం కష్టం. లేత గుజ్జుకు అది కాపలాదారు. వయసు మళ్ళిన గుజ్జులో అదే సంకేతం వేరే దారి పట్టి కణాలను ముదరబెడుతుంది. ఎలుకల మోకాళ్ళలోకి ఎక్కిస్తే అంచున ఎముక ముళ్ళు మొలిచాయి, కీలు పొర గట్టిపడింది. పైగా రక్తంలో అది ఎక్కువ భాగం తాళం వేసిన రూపంలో ఉంటుంది. ఆమ్లంతో తాళం తీశాకే చాలా కిట్లు కొలవగలవు. తాళం తీసి కొలిచిన అంకె వేరు, అప్పటికే విడిగా ఉన్నదాన్ని కొలిచిన అంకె వేరు. ఏది కొలిచారో ఆ రిపోర్టులో లేదు.

ఐజీఎఫ్-1 తక్కువ కాబట్టి గుజ్జుకు మరమ్మతు శక్తి లేదని వాళ్ళకు చెప్పారట. ఐజీఎఫ్-1 గుజ్జును పోషించే మాట నిజమే. కానీ రక్తంలో తిరిగేది ప్రధానంగా కాలేయం నుంచి వస్తుంది. వయసుతో తగ్గుతుంది, తిండి చాలకపోయినా తగ్గుతుంది. ఈమె బరువు తగ్గమన్నారని రాత్రి భోజనం మానేసి మూడు నెలలుగా రెండు ఇడ్లీలతో పడుకుంటోంది. ఇంకో ముచ్చట, అరిగిన కీలులో ఐజీఎఫ్-1 ఉన్నా కణాలు దాని మాట సరిగా వినవు. రక్తంలో ఎంత ఉందో తెలిసినంత మాత్రాన కీలులో ఏం జరుగుతోందో తెలియదు.

గ్రోత్ ఫ్యాక్టర్లను నేను కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. నరాల పెరుగుదలకు కారణమైన ఎన్‌జీఎఫ్‌ని కనిపెట్టినందుకు రీటా లెవీ మొంటాల్చినీకి, ఆమెతో కలిసి పనిచేసి ఈజీఎఫ్‌ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కి 1986లో నోబెల్ వచ్చింది. ఆ ఎన్‌జీఎఫ్‌ని ఆపితే మోకాలి నొప్పి తగ్గుతుందని టానెజుమాబ్ అనే మందు వచ్చింది. నొప్పి నిజంగానే తగ్గింది. కానీ కొందరిలో కీళ్ళు విపరీతమైన వేగంతో పాడయ్యాయి. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ ప్రయోగాలు నిలిపింది, తర్వాత మళ్ళీ మొదలైనా 2021లో సలహా సంఘం 19-1 ఓట్లతో వద్దంది, కంపెనీ మానుకుంది. ఎఫ్‌జీఎఫ్-18 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ నుంచి తయారైన స్ప్రిఫెర్మిన్‌ది దీనికి తిరగేసిన కథ. 549 మంది మీద చేసి 2019లో ప్రకటించిన ప్రయోగంలో గుజ్జు మందం ఎంఆర్‌ఐలో రవ్వంత, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మేర, మిగతావాళ్ళ కంటే మెరుగ్గా ఉంది. నొప్పిలో మాత్రం తేడా రాలేదు. ఒకదానిలో నొప్పి తగ్గి కీలు పాడైంది, ఇంకోదానిలో గుజ్జు పెరిగినా నొప్పి కదల్లేదు. నా ఓపీలో తోటికోడళ్ళు ఇద్దరూ కూర్చుని చూపించినదీ దాదాపు ఇదే. తీవ్రత అని ఒక్క మాటతో మనం పిలిచేది ఎక్స్‌రే, నొప్పి, పని చేసుకునే శక్తి అనే మూడు వేర్వేరు సంగతులను. సూచిక కావాలన్నప్పుడు వీటిలో దేనికి అని మొదట తేల్చుకోవాలి.

ఈ కేసులో వోమాక్ కూడా నన్ను తప్పుదారి పట్టించబోయింది. మెట్లు ఎక్కడం, బజారుకి వెళ్ళడం, ఇంటి బరువు పనులు ఎంత కష్టం అని అడుగుతుంది. 8.4 హిమోగ్లోబిన్‌తో మూడంతస్తులు ఎక్కే మనిషి అన్నిటికీ కష్టమనే చెబుతుంది. 68కి 42లో మోకాలి వాటా ఎంత, నెత్తురు వాటా ఎంత?

ఇంజెక్షన్ల సంగతి

కొడుకు ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ పని. ప్లేట్‌లెట్ల కథ విని కాసేపు ఆలోచించి అడిగాడు: "సార్, ఆ ప్యాకేజీలో అమ్మ రక్తం తీసి ప్లేట్‌లెట్లు చిక్కబరిచి మోకాలికి ఎక్కిస్తామన్నారు. ప్లేట్‌లెట్లలో ఉండేది ఈ వీఈజీఎఫ్, టీజీఎఫ్-బీటానే కదా? ఎక్కువగా ఉండటమే జబ్బంటున్నారు, మళ్ళీ అదే చిక్కగా ఎందుకు ఎక్కిస్తారు?"

ఈ ప్రశ్న ఏ కాన్ఫరెన్సులోనూ నేను వినలేదు. రక్తంలో సూచికగా ఉండటం వేరు, కీలులో మందుగా పనిచేయడం వేరు అని సర్దిచెప్పొచ్చు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఒకే రిపోర్టు కింద రెండు మాటలూ ఒకేసారి అమ్మకూడదు. ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ మీద ఆస్ట్రేలియాలో 288 మందితో చేసి 2021లో ప్రకటించిన ప్రయోగంలో, ఏడాది తర్వాత నొప్పిలో గానీ గుజ్జులో గానీ ఉప్పునీటి సూదికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మేలు చేసిందని చెప్పే చిన్న ప్రయోగాలూ ఉన్నాయి. నేను అడిగినవాళ్ళకు రెండు వైపులా చెబుతాను. అప్పు చేసి చేయించుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. ఈమెకైతే నొప్పి ఉన్న చోటు కీలు లోపలే కాదు.

చేసింది

డైక్లోఫెనాక్ బిళ్ళలు ఆ రోజే మాన్పించాం. పొట్ట డాక్టరు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్, క్రిమికి పధ్నాలుగు రోజుల కోర్సు ఇచ్చారు. ఇనుము బిళ్ళ రోజు విడిచి రోజు, పరగడుపున. ఇక్కడొక పేచీ వచ్చింది. ఆమెకు పొద్దున లేవగానే ఫిల్టర్ కాఫీ పడాలి. కాఫీ, టీలతో ఇనుము ఒంటికి పట్టదు. "కాఫీ మానమంటే ఆ ఇంజెక్షన్లే వేయించుకుంటా," అంది. బిళ్ళ వేసుకున్నాక గంటన్నర ఆగి కాఫీ తాగేట్టు రాజీకొచ్చాం.

రాత్రి భోజనం మళ్ళీ మొదలుపెట్టించాను. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచమన్నాను. నొప్పికి డైక్లోఫెనాక్ జెల్లు పైపూతగా, మరీ అవసరమైతే పారాసిటమాల్. నొక్కితే అదిరిపడిన చోట రోజుకు రెండుసార్లు ఐసు. తొడ కండరానికి, తొడ వెనక కండరానికి కసరత్తులు ఫిజియోథెరపిస్టు నేర్పింది. కాలు నిటారుగా ఎత్తి పది లెక్కపెట్టడం, కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం లాంటివి, పెద్ద పరికరాలేమీ లేవు. చేతికర్ర ఎడమ చేతిలో పట్టుకోమన్నాను. నొప్పి కాలి వైపే పట్టుకోవాలని అందరూ అనుకుంటారు, అది తప్పు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ముక్కాలిపీట మీద కూర్చుని కూరగాయలు తరగడం మాన్పించాం.

నెల తిరిగేసరికి ఫోన్ చేసి సూది వేయమంది. వచ్చి చూపిస్తే వాపు సగం తగ్గింది, ఇంకో నెల ఆగమన్నాను. ఆగింది, సూది అవసరం పడలేదు. రేగి ఉంటే ఆ స్నాయువుల చోట ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి ఉండేవాణ్ణి, దానికి నేను వ్యతిరేకిని కాదు.

సెప్టెంబరు, డిసెంబరు

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.2, వోమాక్ 33. బీపీ మందు లేకుండానే 134/84కి దిగింది. శ్వాస పరీక్షలో క్రిమి పోయినట్టు తేలింది. ఆరు నెలలకు హిమోగ్లోబిన్ 12.1, ప్లేట్‌లెట్లు 2 లక్షల 90 వేలు, బరువు 67.5, వోమాక్ 28. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే గ్రేడ్ 2, మొదటిదానికీ దీనికీ తేడా లేదు. స్నేహితుడి ల్యాబులో మళ్ళీ రెండు గొట్టాలు నడిపాం: సీరం 350, ప్లాస్మా 59. మోకాలు ఉన్నచోటే ఉంది, సీరం అంకె మాత్రం సగానికి పైగా పడిపోయింది.

ఒక్క పేషెంటుతో ఏదీ రుజువు కాదు. అల్సర్ మానింది, తిండి మారింది, బరువు తగ్గింది, కండరం పెరిగింది; ఏది ఎంత చేసిందో విడదీయలేను. ఈ రంగంలో పరిశోధన చేసే పీజీలకు మాత్రం ఒక మాట చెప్పగలను, నా థీసిస్ సాక్షిగా. సీరంతో పాటు ప్లాస్మా కూడా తీయండి. గొట్టం తీసిన సమయం, తిప్పిన సమయం రాసుకోండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, మింగుతున్న నొప్పి బిళ్ళలు అదే షీటులో ఉండాలి. ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళ కీలు నీరు దొరికితే రక్తం కంటే అదే నమ్మదగింది. అప్పుడు గ్రాఫులో గీత అంత ఏటవాలుగా రాకపోవచ్చు.

వెళ్ళబోతూ కొడుకు ఆ పాత గ్రోత్ ఫ్యాక్టర్ పరీక్ష మళ్ళీ చేయించాలా అని అడిగాడు. వద్దు, ఆర్నెల్లకోసారి హిమోగ్లోబిన్ చూపించండి చాలన్నాను. ఆమె ఫైలు సర్దుకుంటుంటే, తోటికోడలు రాలేదేమని అడిగాను. ఆమె మోకాళ్ళకు ఆపరేషన్ గురించి మాట్లాడాల్సింది ఉంది, మొదటిసారే రమ్మని చెప్పి పంపాను.

"అదెక్కడ వస్తాది సార్," అంది. "నాట్లు పడతుండాయి. పొద్దున్నించీ చేలోనే ఉండాది."